ఒకే ఐడీ, రెండు ఫోన్లు

నా అభిరుచి గురించి నాకు చాలా గొప్పగా ఉండేది. ఇప్పుడా మాట రాస్తుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది. మంచి సినిమా ఏదో, మంచి సంగీతం ఏదో నాకు తెలుసని, చుట్టుపక్కల వాళ్లకి తెలియదని అనుకుంటూ పదిహేనేళ్లు బతికాను. ఆ గొప్పకి మూల్యం చెల్లించింది నేను కాదు, మా నాన్న.

ఆయన పోయి రెండేళ్లయింది. ఆయనకి నేను చేసిన అన్యాయం ఒకటుంది. తిట్టడం, అన్నం పెట్టకపోవడం లాంటిది కాదు. రాయపూర్ శంకర్ నగర్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడి, పది నిమిషాల్లో, బొటనవేలితో చేసిన పని. ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాను. ఇంతేనా అన్నారు. అంతే కాదు కాబట్టే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రాయపూర్ శివార్లలో, ఉర్లాలో ఒక ఇనప రోలింగ్ మిల్లులో పని చేసేవాడు. ఆ పక్కనే బీర్‌గావ్‌లో రెండు గదుల ఇల్లు మాది. రెండువేల సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైనప్పుడు నాకు పదమూడేళ్లు. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, ఊరి నుంచి ఎవరైనా వస్తే తెచ్చే పాత వారపత్రికల మీద వేలు పెట్టి చదివిస్తూ.

నాన్న రాయపూర్ రాకముందు ఊళ్లో తప్పెటగుళ్ళ జట్టులో ఉండేవాడు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మగవాళ్లు పదిహేను ఇరవై మంది గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు వేసుకుని, వలయంగా తిరుగుతూ రెండు చేతులతో ఆ రేకు వాయిస్తూ పాడతారు, ఎగురుతారు. మిల్లులో చేరాక నాన్న దాన్ని వదిలేశాడు. మిగిలింది నాలుగు క్యాసెట్లు. ఊరి పండగలో ఎవరో రికార్డు చేసినదానికి కాపీ, ఆ కాపీకి కాపీ. పాట కంటే బరబర శబ్దమే ఎక్కువ. డ్యూటీ దిగి, స్నానం చేసి, బనీనుతో గడపలో కూర్చుని అవి పెట్టుకునేవాడు. చేతివేళ్లు మోకాలి మీద ఆడుతూ ఉండేవి.

ఒక సాయంత్రం క్రికెట్‌కి పిలవడానికి నా బడి స్నేహితులు నలుగురు వచ్చారు. మీ ఇంట్లో నూనె డబ్బా ఎవరు కొడుతున్నార్రా అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు నవ్వింది నేనే. నాన్న కూడా నవ్వాడు, టేప్ రికార్డరు గొంతు తగ్గించాడు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో ఉంటే ఆయన దాన్ని గట్టిగా పెట్టేవాడు కాదు. నాకది గెలుపులా అనిపించింది.

తర్వాత కేబుల్ వచ్చింది. మా సందులో ఎనిమిది తెలుగు ఇళ్లవాళ్లు కలిసి వెళ్లి కేబులతన్ని బతిమాలితే ఒక తెలుగు ఛానలు ఇచ్చాడు. అమ్మ దాని ముందు కూర్చుంటే నేను పక్కింటికి వెళ్లి హిందీ పాటలు చూసేవాణ్ని. కాలేజీలో సీడీలు వచ్చాయి, ఇంగ్లీషు సినిమాలు మొదలుపెట్టాను. కింద వచ్చే అక్షరాలు చదివేలోపు బొమ్మ మారిపోయేది. సగం అర్థమయ్యేది కాదు. అయినా నచ్చిందనే అనేవాణ్ని. తర్వాత పెన్‌డ్రైవు, తర్వాత ఫోను. కొత్త వస్తువు చేతికి వచ్చిన ప్రతిసారీ నేను కొత్త మనిషినయ్యేవాణ్ని. పాత మనిషిని చూసి సిగ్గుపడేవాణ్ని. ఎక్కడికి పోతున్నానో తెలియదు గానీ బీర్‌గావ్ నుంచి దూరంగా పోతున్నానని మాత్రం తెలుసు.

ఈలోపు ఒక తమాషా జరిగింది. మన తెలుగు సినిమాలు హిందీలోకి డబ్బింగ్ అయి టీవీలో మధ్యాహ్నం పూట వరసగా రావడం మొదలైంది. మొదట్లో వాటిని చూసి ఎగతాళి చేసిన ఆఫీసు వాళ్లే మూడు నాలుగేళ్లలో వీరాభిమానులైపోయారు. ఫలానా హీరో ఇంకేం తీశాడు, ఆ డైలాగు అసలు తెలుగులో ఏమిటి అని నన్ను అడిగేవాళ్లు. నేనా సినిమాలు చూసుంటే కదా. పరువు పోతుందని ఇంటికెళ్లి వాటిని చూసేవాణ్ని, ఆ డబ్బింగ్‌లోనే, అదే త్వరగా దొరికేది కాబట్టి. తెలుగువాణ్నని చెప్పుకోవడానికి హిందీలో చూడాల్సి వచ్చింది. ఆఫీసులో ‘మా సినిమాలు’ అని గొంతు పెంచేవాణ్ని. ఇంటికొచ్చాక నా సొంత లోకం వేరు. విదేశీ కాఫీ ఎలా కాయాలి, గింజలు ఎలా వేయించాలి అని చెప్పే వీడియోలు, పియానో కచేరీలు, ఇంగ్లీషు రచయితల ఇంటర్వ్యూలు. చేత్తో తిప్పే కాఫీ మర ఒకటి కొన్నాను. మా ఆవిడ రాయపూర్ అమ్మాయే, హిందీ ఇల్లు. ఆ మర చప్పుడుకి నవ్వి ఊరుకునేది.

ఇంటర్నెట్ చవకైన కొత్తలో నాన్నకి టచ్ ఫోను కొనడానికి బీర్‌గావ్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణమతను మెయిల్ ఐడీ అడిగాడు. నాన్నకి ఎక్కడిది? కొత్తది చేసేంత ఓపిక నాకు లేదు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నా ఐడీయే వేసెయ్యమని చెప్పి, దాని పాస్‌వర్డు కొట్టిచ్చి, గుమ్మం దగ్గరికి వెళ్లి మాట్లాడుకుంటూ నిలబడ్డాను. లోపల అతను నాన్నకి ఏదో వివరిస్తున్నాడు, నాన్న శ్రద్ధగా తలూపుతున్నాడు. ఏం చెప్పాడో నేను వినలేదు.

ఏడాది తిరగకుండా అమ్మ పోయింది. నాన్నని శంకర్ నగర్‌లో మా ఫ్లాటుకి తీసుకొచ్చేశాను. ఆయన హిందీ మిల్లు హిందీ, యంత్రం పేర్లు, బూతులు, ‘అవును సాబ్’ తప్ప పెద్దగా లేదు. మా ఆవిడ ఆయన్ని మర్యాదగా చూసుకునేది, కానీ ఇద్దరి మధ్యా మాటలు తిన్నారా, పడుకున్నారా దగ్గరే ఆగిపోయేవి. తెలుగు మాట్లాడాల్సిన వాణ్ని నేను. నేను చెవుల్లో తీగలు పెట్టుకుని నా గదిలో ఉండేవాణ్ని. ఆయన బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో ఫోను పట్టుకుని కూర్చునేవాడు. ఆదివారాలు మాత్రం బస్సెక్కి బీర్‌గావ్ వెళ్లి పాత మిల్లు స్నేహితులతో కూర్చుని వచ్చేవాడు. మనిషి బాగానే ఉన్నాడనుకున్నాను. బాగానే ఉన్నాడు కూడా, అప్పటికి.

ఒక ఐడీ మీద రెండు ఫోన్లుంటే ఒకరు చూసేవి ఇంకొకరి ఫోనులోకి వస్తాయని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నా ఫోను తెరవగానే పియానోల మధ్యలో తప్పెటగుళ్ళు కనిపించేవి. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలు, ఊరి పండగలు, ఎవరో కుర్రాళ్లు ఊగుతున్న ఫోనుతో తీసినవి. ఆఫీసు కోసం నేను చూసిన డబ్బింగ్ సినిమాల పక్కన ఎప్పుడో ఒకటి వచ్చి ఉంటుంది, నాన్న నొక్కి ఉంటాడు. మొదట్లో వేలితో పక్కకి తోసేసేవాణ్ని. రాన్రాను అవే పైన వచ్చేవి, నావి కిందకి పోయేవి. పెద్దాయన రోజంతా చూస్తాడు, నేను గంటే చూస్తాను, మరి ఫోను ఎవరి మాట వింటుంది?

ఒకరోజు ఆఫీసులో ఏదో చిన్న వేడుక. అందరం మీటింగు గదిలో ఉన్నాం. మంచి సంగీతం పెట్టు, నీకు బాగా తెలుసు కదా అని నా ఫోనుని గోడ మీది పెద్ద తెరకి కలిపారు. తెర నిండా నిక్కర్లు వేసుకుని, గుండెల మీద రేకులు కట్టుకున్న మనుషులు. ఒకటి కాదు, వరసగా ఆరేడు. కొత్తగా చేరిన అమ్మాయి ఇదేం వ్యాయామం అంది. నవ్వులు. నేనూ నవ్వాను. మా నాన్న చూస్తుంటాడు, పల్లెటూరి మనిషి అన్నాను. మా నాన్న అవి చూడటమే కాదు, ఒకప్పుడు అలా ఆడాడని అనలేదు.

కిందకి దిగి టీ చెప్పి, ఆ కోపంలోనే పని మొదలుపెట్టాను. ఒక్కో వీడియో పక్కన చుక్కలు నొక్కి ఇది నాకు ఇష్టం లేదు, ఈ ఛానలు మళ్లీ చూపించొద్దు, అలా ఇరవై ముప్ఫై. తర్వాత అప్పటిదాకా చూసినవాటి హిస్టరీ మొత్తం తుడిచేశాను. టీ చల్లారేలోపు అయిపోయింది. నాన్న ఫోనులో కూడా పోతాయన్న ఆలోచన రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. ఆయన మళ్లీ ఎలాగో వెతుక్కుంటాడులే అనుకున్నాను. ఆయనకి వెతకడం రాదని, తెర మీద కనిపించింది నొక్కడం తప్ప ఏమీ తెలియదని కూడా నాకు తెలుసు.

ఆయన ఏమీ అడగలేదు. ఒకే ఒక్కసారి, మూడు నాలుగు రోజుల తర్వాత, నా గది గుమ్మంలో నిలబడి ఆఫీసులో అంతా బాగున్నాదా బాబూ అన్నాడు. బాగానే ఉంది నాన్నా అన్నాను. చెవిలోంచి ఒక తీగే తీశాను, రెండోది తియ్యలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

తర్వాత చాలా నెలలు నేను సంతోషంగా ఉన్నాను. ఎందుకో వినండి. నాన్న నేను చూసేవి చూడటం మొదలుపెట్టాడు. ఆయన ఫోనులో ఇక వచ్చేవి అవే కదా. భోజనం దగ్గర ఉన్నట్టుండి, కాఫీ కొండల మీద పండుతాదంట గదా అనేవాడు. పియానో వాయించిన ముసలాయన గంటసేపు తలెత్తలేదు బాబూ అనేవాడు. ఇంగ్లీషు ఇంటర్వ్యూలు కూడా చివరిదాకా చూసేవాడు, ఒక్క ముక్క అర్థం కాకుండా. ఆ ఎర్ర కోటు ఏసుకున్నాయన చాలా మంచోడిలా ఉన్నాడు అని చెప్పేవాడు. నేను మురిసిపోయాను. మా నాన్న ఎదుగుతున్నాడని ఆఫీసులో చెప్పుకున్నాను. ఎదగడం. అరవై ఎనిమిదేళ్ల మనిషి గురించి నేను వాడిన మాట అది.

ఆయన ఆదివారాలు బీర్‌గావ్ వెళ్లడం మానేశాడు. శంకర్ నగర్ అలవాటైందనుకున్నాను. మాట తగ్గిపోయింది. వయసనుకున్నాను. బాల్కనీలో కుర్చీ చేతుల మీద ఆయన వేళ్లు కదలకుండా ఉండేవి. అది నేను చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఏడాది గడిచాక ఆఫీసు పని మీద ఉర్లా వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వస్తూ బీర్‌గావ్‌లో టీకి ఆగాను. అక్కడ నాన్నతో పాతికేళ్లు మిల్లులో పని చేసినాయన కనిపించాడు. మా పక్క ఊరివాడే, చిన్నప్పటి నుంచి చిన్నాన్నా అనే పిలుస్తాను. పక్కన కూర్చోబెట్టుకుని మంచీ చెడ్డా అడిగాడు. తర్వాత కొంచెం మొహమాటపడుతూ, నువ్వు ఈడియోలు పంపడం మానేసినావంట గదా అన్నాడు.

నేనేం వీడియోలు పంపాను చిన్నాన్నా అన్నాను.

“అదేటి బాబూ. తప్పెటగుళ్ళు రోజూ నువ్వే గదా ఎతికి పంపీవోడివి. ఇందులో వచ్చీదంతా మీ అబ్బాయి ఐడీలోంచే వస్తాదని ఆ ఫోను దుకానమోడు సెప్పినాడంట. ప్రతి ఆదివారం తెచ్చి మా అందరికీ సూపించీవోడు. మావోడు అంత పనిలో ఉండి కూడా నాకోసం ఎతుకుతాడు, సిన్నప్పుడు నవ్వీవోడు గానీ ఇప్పుడు ఆడికే ఇష్టమైపోనాది అనీవోడు.”

ఆయన చెప్పుకుపోతున్నాడు. ఒక ఆదివారం నాన్న వచ్చి ఫోను బయటికి తియ్యలేదట. ఏమైందని వీళ్లు అడిగారట.

“బాబుకి నామీద కోపమొచ్చినట్టున్నాది, ఏటన్నానో గుర్తు రావడం నేదు అన్నాడు. ఇప్పుడు ఇంగ్లీసువి పంపుతున్నాడు, ఇలాటివి నేర్సుకోమని గావాల, కస్టపడి సూస్తన్నాను అన్నాడు. ఆ తర్వాత ఇటు రావడమే మానేసినాడు. మనసులో ఏటైనా ఉంటే ఒగ్గేయ్ బాబూ, పెద్దోడు గదా.”

పనులెక్కువై పంపడం కుదరలేదు చిన్నాన్నా అన్నాను.

కారులో కూర్చుని అద్దాలెత్తుకుని ఏడ్చాను. ఏడుపు ఆయన మీద జాలితో అనుకున్నాను, కానీ అది ముఖ్యంగా సిగ్గు. రెండేళ్లపాటు మా నాన్నకి నేను గొప్ప కొడుకుని. పక్క గదిలో ఉండి ఆయన మనసులో ఏముందో కనిపెట్టి, ఆయనకి నచ్చిన పాట వెతికి పంపే కొడుకుని. అలాంటి కొడుకు ఎక్కడా లేడు. ఒక యంత్రం చేసిన పనికి పేరు నాకొచ్చింది. ఆ యంత్రాన్ని నోరు మూసుకోమన్నవాణ్ని మాత్రం నిజంగా నేనే. చిన్నప్పుడు నవ్విందానికి కూడా ఆయన నన్ను క్షమించేశాడు, నేను అడగకుండానే. ఆయన క్షమించడానికి కారణమైన ఆ పాటల్నే నేను వెనక్కి లాక్కున్నాను.

ఇంటికెళ్లి నిజం చెప్పేస్తే పోయేది. దారంతా అదే అనుకున్నాను. చెబితే ఏం చెప్పాలి? నేనెప్పుడూ ఏదీ పంపలేదు నాన్నా అనాలి. కోపం వచ్చి ఆపిన కొడుకు నయమా, అసలెప్పుడూ గుర్తే చేసుకోని కొడుకు నయమా? ఆయన కోసం ఆలోచిస్తున్నానని అప్పుడు అనుకున్నాను. నా పిరికితనం కూడా అందులో సగం ఉంది.

అందుకని దొంగపని ఎంచుకున్నాను. నేనొద్దన్న ఛానళ్లన్నీ సెట్టింగుల్లో వెతికి వెనక్కి తెచ్చుకున్నాను. తప్పెటగుళ్ళు అని తెలుగులో కొట్టి ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టాను. సగంలో ఆపితే ఫోను నమ్మదు, అందుకని చివరిదాకా చూసేవాణ్ని. ఆఫీసుకి వెళ్తూ, మధ్యాహ్నం కారులో కూర్చుని, భోజనం డబ్బా విప్పకుండానే. పది పన్నెండు రోజులు. పియానోలు, కాఫీలు ముట్టుకోలేదు.

ఆ పది రోజుల్లో నాకు తప్పెటగుళ్ళంటే ఇష్టం పుట్టిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. పుట్టలేదు. తాళం ఎక్కడ మారుతుందో నాకు అందలేదు. పాటలో మాటలు సగం తెలియలేదు. ఇరవై ఏళ్లపాటు ఒకదాన్ని నెట్టేసుకుంటూ వచ్చినవాడికి పది రోజుల్లో అది తిరిగి రాదు. నచ్చనిదాన్ని ఒక మనిషి కోసం కూర్చుని చూడటం ఎంత కష్టమో మాత్రం తెలిసింది. నాన్న ఆ పని ఏడాదిగా చేస్తున్నాడు. నేను పది రోజులకే విసిగిపోయాను.

ఒక ఆదివారం పొద్దున్న వంటింట్లో కాఫీ గింజలు మరలో వేసి తిప్పుతున్నాను. బాల్కనీలోంచి రేకు చప్పుడు వినిపించింది. సన్నగా, గొంతు బాగా తగ్గించి. మర తిప్పడం ఆపేశాను. కాసేపటికి నాన్న ఫోను పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. ఫోను తెర నా వైపు తిప్పి పట్టుకున్నాడు, నేనే పంపాను కదా అన్నట్టు. మొహం చూస్తే ఏడాది తర్వాత జ్వరం తగ్గినవాడిలా ఉన్నాడు.

“కోపం తగ్గినాదా బాబూ?”

కోపమేమిటి నాన్నా అని అడిగితే అంతా విప్పాలి. నేను మర వైపు చూస్తూ, తగ్గింది నాన్నా అన్నాను. ఎప్పుడూ రాని కోపాన్ని అలా ఒప్పుకున్నాను.

ఆయన తలూపాడు. దేనికి కోపమొచ్చిందని అడగలేదు. వెళ్లబోయి ఆగాడు. బడిలో మేస్టార్ని అడిగినట్టు, నా మొహంలోకి చూస్తూ మెల్లిగా అడిగాడు.

“అయితే ఆ కాఫీవి, ఇంగ్లీసువి నాను ఇంక సూడక్కర్నేదు గదా?”